బోర్డు మీది అంకె, ముల్లు చూపే అంకె

బ్రిటన్ రవాణా శాఖ వాహనాల నిజ వేగాల లెక్కను ఏటా ప్రచురిస్తుంది. ముందు వాహనం అడ్డు లేకుండా, మలుపో కెమెరానో గతుకో వేగాన్ని తగ్గించకుండా, డ్రైవరు తనకు తోచిన వేగంతో పోగలిగిన చోట్ల మాత్రమే రోడ్డులో అమర్చిన యంత్రాలు పట్టిన అంకెలవి. ఇటీవలి సంవత్సరాలవి చూస్తే, గంటకు 70 మైళ్ల (సుమారు 113 కిలోమీటర్ల) పరిమితి ఉన్న మోటార్‌వేల (వేగ రహదారుల) మీద దాదాపు సగం కార్లు ఆ పరిమితిని దాటుతున్నాయి. ఊళ్లలోని 30 మైళ్ల రోడ్ల మీద కూడా దాటేవి దాదాపు సగమే. 20 మైళ్ల బోర్డు పెట్టిన రోడ్ల మీద పదింట సుమారు ఎనిమిది దాటుతున్నాయి. 60 మైళ్ల పరిమితి ఉన్న, మధ్యలో విభాగిని లేని గ్రామీణ రోడ్ల మీద మాత్రం దాటేవి పదింట ఒకటి.

ఈ నాలుగు రకాల రోడ్ల మీదా తిరిగేది ఆ దేశపు డ్రైవర్లే, అవే కార్లు, చట్టమూ ఒకటే. పొద్దున గ్రామీణ రోడ్డు మీద పరిమితికి లోబడి వచ్చిన మనిషే పది నిమిషాల తరువాత ఊళ్లోకి వచ్చి దాన్ని దాటేస్తున్నాడు. కనుక డ్రైవర్లను చట్టానికి లోబడేవారు, లోబడనివారు అని రెండు జాతులుగా విడదీసి చూసే అలవాటు ఈ లెక్క ముందు నిలవదు. ఇరుకైన గ్రామీణ రోడ్డు మీద 60 మైళ్లు అనేది చాలామందికి తాము పోవాలనుకునే వేగం కంటే ఎక్కువ. వెడల్పాటి తిన్నని వీధిలో 20 మైళ్లు అనేది దాదాపు అందరికీ తక్కువ. మనిషి వేగాన్ని రోడ్డును బట్టి ఎంచుకుంటాడు, ఆ తరువాతే దాన్ని బోర్డుతో పోల్చుకుంటాడు, అదీ పోల్చుకుంటే. ఇంతకీ బ్రిటన్‌లో రోడ్డు మరణాలు ఎక్కువగా జరిగేది పరిమితి బాగా పాటిస్తున్నట్లు కనిపించే ఆ గ్రామీణ రోడ్ల మీదే. సగం మంది గీత దాటే మోటార్‌వేల వాటా చాలా స్వల్పం. పరిమితిని పాటించడం వేరు, ఆ చోటికి తగిన వేగంతో పోవడం వేరు అన్నది ఇక్కడే తేలిపోతుంది.

అయితే ఇలాంటి శాతాలను చదివేటప్పుడు అవి దేన్ని కొలిచాయో చూడాలి. రోడ్డు పక్కన ఒక చోట నిలబడి కొలిచిన సగటు, రోడ్డు పొడవునా ఉన్న వాహనాల సగటు ఒకటి కావు. ఒక పొడవైన రోడ్డు మీద ఏ క్షణాన చూసినా సగం వాహనాలు 60 కిలోమీటర్ల వేగంతో, సగం 120 కిలోమీటర్ల వేగంతో పోతున్నాయనుకుందాం. రోడ్డు మీద ఉన్న వాహనాల సగటు వేగం 90. ఒక గంటసేపు గట్టున నిలబడి లెక్కపెట్టేవాడి ముందునుంచి మాత్రం వేగంగా పోయేవి రెట్టింపు సంఖ్యలో దాటిపోతాయి కనుక, అతని పుస్తకంలో సగటు 100 అని పడుతుంది. రెండు లెక్కలూ సరైనవే. ఒకే చోట పాతిన యంత్రం వేగంగా పోయేవారిని సహజంగానే ఎక్కువసార్లు చూస్తుందన్న సంగతి మరచిపోతేనే తప్పు.

కారులో కూర్చున్న మనిషి చేసే కొలత దీనికంటే వంకర. 100 కిలోమీటర్ల పరిమితి ఉన్న రోడ్డు మీద సరిగ్గా ఆ పరిమితి దగ్గర పోయేవాడికి కనిపించేవి రెండే రకాల వాహనాలు: తనను దాటిపోయేవి, తాను దాటిపోయేవి. తనంత వేగంతోనే పోతున్న వందలాది వాహనాలు అరకిలోమీటరు ముందో వెనకో ఉండి, ప్రయాణమంతా కంటబడకుండానే ఉండిపోతాయి. పైగా తేడా ఎంత ఎక్కువైతే అంత తరచుగా ఎదురుపడతారు కనుక, 130తో దూసుకుపోయేవారు తమ సంఖ్యను మించి కనిపిస్తారు, 103తో మెల్లగా దాటేవారు సంఖ్యకు తగినంత కూడా కనిపించరు. “ఈ రోడ్డు మీద పరిమితి పాటిస్తున్నది నేనొక్కడినే” అన్న ఫిర్యాదు నిజాయితీగా చేసినదే కావచ్చు, కానీ అది ఎప్పుడూ సగం చిత్రమే. ఆ సగం చిత్రానికి ఫలితం ఉంటుంది. అందరూ దాటుతున్నారని నమ్మినవాడు తానూ దాటుతాడు, ఇంకొకరి చిత్రంలో తానొక సాక్ష్యంగా చేరతాడు.

ఇక ముల్లు సంగతి. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 39వది ప్రకారం స్పీడోమీటర్ నిజ వేగం కంటే తక్కువ ఎన్నడూ చూపకూడదు. ఎక్కువ చూపడానికి మాత్రం నిజ వేగంలో పదో వంతు, దాని మీద మరో 4 కిలోమీటర్ల దాకా వెసులుబాటు ఉంది. అంటే నిజంగా 100తో పోతున్న కారులో ముల్లు 114 దగ్గర ఉన్నా అది నిబంధనకు లోబడినట్లే. టైరు అరుగుదల, గాలి ఒత్తిడి, చక్రం కొలత అన్నీ రీడింగును అటూ ఇటూ జరుపుతాయి కనుక తయారీదారులు ముల్లును కావాలనే కొంత పైకి నిలుపుతారు. ఈ కారణంగా ముల్లు పరిమితి మీద నిలిచినప్పుడు కారు సాధారణంగా పరిమితికి కొద్దిగా కిందే ఉంటుంది. ఫోనులోని జీపీఎస్ చూపే అంకెతో పోల్చి ఈ తేడాను కనిపెట్టినవారు దాన్ని తమ ఖాతాలో జమ వేసుకుంటారు.

ఆ జమకు పోలీసుల జమ తోడవుతుంది. బ్రిటన్ పోలీసు అధిపతుల మార్గదర్శకం ప్రకారం జరిమానా చర్య సాధారణంగా మొదలయ్యేది పరిమితికి పది శాతం, దాని మీద 2 మైళ్లు కలిపిన వేగం నుంచి: 30 మైళ్ల రోడ్డు మీద 35, 70 మైళ్ల రోడ్డు మీద 79. కొలిచే పరికరాల్లో ఉండే పొరపాటుకు, కోర్టులో వచ్చే వాదనకు చోటివ్వడానికి పెట్టిన అంతరమది. చట్టం ప్రకారం 31తో పోయినా నేరమే. కానీ ఇలాంటి అంతరం గురించి తెలిసిన మరుక్షణం డ్రైవరు మనసులో బోర్డు మారిపోతుంది. కొలతలోని అనుమానానికి ఇచ్చిన మినహాయింపు అనుమతిగా స్థిరపడుతుంది. పైన చెప్పిన 20 మైళ్ల రోడ్లు, గ్రామీణ రోడ్ల సంగతి మినహాయిస్తే, వేగాల లెక్కల్లో వాహనాలు సాధారణంగా ఎక్కువగా గుమిగూడేది పరిమితికి కొద్దిగా అటూ ఇటూ. మరీ ఎక్కువగా దాటేవారు ఒక చిన్న తోకలాగా మిగులుతారు. “సగం మంది చట్టం మీరుతున్నారు” అన్న శీర్షిక కింద నిజానికి ఉండేది కొద్ది మైళ్ల తేడాతో పోతున్న పెద్ద గుంపు.

అసలు వేగాన్ని నిర్ణయించేది ఏమిటన్న ప్రశ్నకు రోడ్డు ఇంజనీర్ల దగ్గర చాలాకాలంగా ఒక జవాబుంది, అది వారి సొంత పనిలోనే దొరికింది. రోడ్డును ఒక నిర్ణీత వేగానికి రూపొందిస్తారు, భద్రత కోసం దానికి కొంత అదనం కలుపుతారు: వరస కొంచెం వెడల్పుగా, మలుపు కొంచెం మెల్లగా, చూపు ఆనే దూరం కొంచెం ఎక్కువగా. డ్రైవరుకు ఈ అదనం ఎందుకిచ్చారో తెలియదు. కళ్లకు కనిపించే సౌకర్యాన్ని వేగంగా మార్చుకుంటాడు. అంచున చెట్లూ గోడలూ దగ్గరగా ఉంటే చూపు చివర అవి పరుగెత్తి వేగం తెలుస్తుంది. అవి దూరం జరిగితే అంతే వేగం నింపాదిగా అనిపిస్తుంది. సీటు ఎత్తు పెరిగినకొద్దీ అదే జరుగుతుంది, కనుక ఎత్తైన వాహనాల్లో కూర్చున్నవారు తమ వేగాన్ని తక్కువగా అంచనా వేస్తారు. గంటసేపు హైవే మీద పోయి ఊళ్లోకి దిగినవాడికి 50 కిలోమీటర్ల వేగం నడకలా తోస్తుంది, అతను 60 దాటి పోతున్నా తగ్గించాననే అనుకుంటాడు. లోపలికి శబ్దం రాని కిటికీలు, కుదుపు తెలియని సస్పెన్షన్ ఈ మోసానికి తమ వంతు సాయం చేస్తాయి.

బోర్డుకున్న బలమెంతో చరిత్ర కొన్ని పెద్ద ప్రయోగాల్లో చూపించింది. 1973 చివర్లో వచ్చిన చమురు సంక్షోభం తరువాత, 1974 జనవరిలో అమెరికా దేశమంతటికీ గంటకు 55 మైళ్ల గరిష్ఠ పరిమితి తెచ్చింది. అసలు ఉద్దేశం ఇంధనం ఆదా. ఆ ఒక్క ఏడాదిలో రోడ్డు మరణాలు సుమారు 54 వేల నుంచి 45 వేలకు పడిపోయాయి, అయితే పెట్రోలు దొరక్క ప్రయాణాలూ తగ్గాయి కనుక ఆ తగ్గుదలంతా బోర్డు పుణ్యమే అనడానికి లేదు. సంక్షోభం జ్ఞాపకం మాసినకొద్దీ వేగాలు మళ్లీ ఎక్కాయి. 1980ల నాటికి గ్రామీణ ప్రాంతాల గుండా పోయే ఇంటర్‌స్టేట్ హైవేల మీద 55 దాటేవారే ఎక్కువమంది. కనీసం సగం వాహనాలైనా పరిమితిలో ఉన్నాయని రాష్ట్రాలు చూపకపోతే కేంద్ర నిధుల్లో కోత పడే నిబంధన ఉండటంతో, లెక్కలు ఎక్కడ ఎలా కొలవాలన్నదే ఒక రాజకీయమైంది. 1987లో గ్రామీణ ఇంటర్‌స్టేట్‌లకు 65 మైళ్లు అనుమతించారు, 1995లో చట్టాన్నే ఎత్తేశారు.

ఎత్తేసినప్పుడు మోంటానా రాష్ట్రం మరో అంచుకు పోయింది. పగటి వేళ కార్లకు అంకె పెట్టకుండా, పరిస్థితికి తగిన వివేకవంతమైన వేగంతో నడపాలని మాత్రమే చెప్పింది. 1998 చివర్లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, ఏ వేగం నేరమో ముందుగా తెలియని చట్టం అస్పష్టమైనదని కొట్టేసింది. 1999లో 75 మైళ్ల బోర్డులు వచ్చాయి. బోర్డు వేగాన్ని నియంత్రించే పనిముట్టు మాత్రమే కాదని, పోలీసుకూ పౌరుడికీ మధ్య తగవు తీర్చే గీత కూడా అని ఈ ఉదంతం గుర్తు చేస్తుంది. జర్మనీలో ఆటోబాన్ అనే వేగ రహదారుల పొడవులో అధిక భాగానికి స్థిరమైన పరిమితి లేదు, 1978 నుంచి 130 కిలోమీటర్లు అన్నది సలహా మాత్రమే. అయినా అక్కడి కార్లన్నీ 200తో పోవు; పరిమితి లేని భాగాల్లోనూ కార్ల సగటు ఆ సలహా అంకె చుట్టుపక్కలే ఉంటుంది. అడ్డు లేకపోతే మనిషి హద్దు లేకుండా పోతాడన్నది నిజం కాదు. తనకు సౌకర్యమైన చోట ఆగుతాడు. ఆ చోటు ఇతరులకు సురక్షితమా అన్నది వేరే ప్రశ్న.

అమెరికా కేంద్ర హైవే యంత్రాంగం 1990లలో వెలువరించిన ఒక పెద్ద అధ్యయనం దీన్ని ఎదురుగా పరీక్షించింది. అనేక రాష్ట్రాల్లో ఎంచుకున్న రోడ్ల ముక్కల మీద పరిమితిని కొన్నిచోట్ల పెంచారు, కొన్నిచోట్ల తగ్గించారు, మార్పు కొన్నిచోట్ల 20 మైళ్ల దాకా ఉంది. నిజ వేగాల్లో వచ్చిన తేడా సగటున 2 మైళ్లకు లోపే. బోర్డు వల్ల ఒరిగేదేమీ లేదని వాదించేవారికి ఇది ఇష్టమైన ఆధారం. వేల్స్ ప్రభుత్వం 2023 సెప్టెంబరులో జనావాసాల్లోని రోడ్ల సాధారణ పరిమితిని 30 నుంచి 20 మైళ్లకు దించినప్పుడు కూడా కొలిచిన సగటు వేగం తగ్గింది రెండు నుంచి నాలుగు మైళ్లే. పది అడిగితే మూడు వచ్చాయి.

ఆ మూడును చిన్నచూపు చూడటంలోనే ఈ వాదన జారిపోతుంది. స్వీడన్ పరిశోధకుడు యోరాన్ నిల్సన్ ఏళ్ల తరబడి పరిమితుల మార్పులను పరిశీలించి ఇచ్చిన సూత్రం ప్రకారం, ప్రాణాంతక ప్రమాదాలు సగటు వేగపు నాలుగో ఘాతంతో మారతాయి. ఒక శాతం వేగం తగ్గితే అవి సుమారు నాలుగు శాతం తగ్గుతాయి. 80 కిలోమీటర్ల సగటు 76కి దిగితే వేగం తగ్గింది ఐదు శాతమే, ప్రాణాంతక ప్రమాదాలు మాత్రం పద్దెనిమిది శాతం దాకా తగ్గాలి. తరువాతి పరిశోధనల్లో ఈ ఘాతం ఊళ్లలోని రోడ్ల మీద తక్కువగా, హైవేల మీద ఎక్కువగా తేలింది కానీ, దిశ మారలేదు. వేల్స్‌లో ఆ మార్పు జరిగిన తరువాతి ఏడాది 20, 30 మైళ్ల రోడ్ల మీద గాయపడినవారి, చనిపోయినవారి సంఖ్య దాదాపు నాలుగో వంతు తగ్గింది. ఒక్క ఏడాది అంకెల్లో యాదృచ్ఛికం కొంత కలిసే ఉంటుంది, అయినా వేగం తగ్గింపుతో పోలిస్తే ఈ తగ్గుదల పెద్దదే.

ఇంత చిన్న తేడాకు ఇంత ఫలితం ఎందుకన్నది మామూలు లెక్కతోనే తెలుస్తుంది. రెండు కార్లు పక్కపక్కన పోతున్నాయి, ఒకటి 50 కిలోమీటర్ల వేగంతో, ఒకటి 60తో. ముందు ఒక పిల్లవాడు రోడ్డు మీదికి వచ్చాడు. ఇద్దరు డ్రైవర్లకూ బ్రేకు మీద కాలు పడటానికి ఒక సెకను పట్టిందనుకుందాం, పొడి రోడ్డు మీద బ్రేకులు గడిచే ప్రతి సెకనుకూ వేగంలోంచి సెకనుకు 7 మీటర్ల చొప్పున కోస్తున్నాయనుకుందాం. మొదటి కారు ఆ సెకనులో సుమారు 14 మీటర్లు, బ్రేకు పడ్డాక మరో 14 మీటర్లు పోయి, 28 మీటర్లకు కొద్దిగా ముందే ఆగిపోతుంది. రెండో కారు బ్రేకు పడేలోపే దాదాపు 17 మీటర్లు పోయింది. మిగిలిన 11 మీటర్లలో అది చంపుకోగలిగిన వేగం కొంతే. మొదటి కారు ఆగిన చోటుకు చేరేసరికి దాని వేగం ఇంకా 40. పది కిలోమీటర్ల తేడా తాకిడి దగ్గర నలభై అయింది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1997లో వెలువరించిన అధ్యయనం కూడా ఇటే చూపింది: 60 కిలోమీటర్ల పరిమితి ఉన్న నగర రోడ్ల మీద, 60 పైన ప్రతి 5 కిలోమీటర్లకూ గాయాలయ్యే ప్రమాదంలో చిక్కుకునే ముప్పు సుమారు రెట్టింపవుతుంది.

మరి ఎక్కువ వేగంతో కలిసివచ్చే సమయమెంత? ఇక్కడ మనిషి అంచనా దాదాపు ఎప్పుడూ తప్పుతుంది. పది కిలోమీటర్ల దూరం 40తో పోతే 15 నిమిషాలు, 50తో పోతే 12. మూడు నిమిషాలు మిగిలాయి. అదే దూరం 100 నుంచి 110కి పెంచి పోతే మిగిలేది 33 సెకన్లు. వేగం పెరిగినకొద్దీ అదనపు ప్రతి కిలోమీటరూ కొనే సమయం తగ్గిపోతుంది, పడే దెబ్బ పెరుగుతుంది. ఊళ్లలో అయితే తరువాతి సిగ్నలు దగ్గర ఆ మిగిలిన సమయం కూడా తిరిగి కట్టేయాల్సి వస్తుంది.

పరిమితిని ఎక్కడ పెట్టాలన్న వివాదమంతా చివరికి 85వ పర్సంటైల్ అనే కొలత దగ్గరికి వస్తుంది. రద్దీ లేనప్పుడు వందలో 85 మంది ఏ వేగానికి మించకుండా పోతున్నారో కొలిచి, దానికి దగ్గరగా బోర్డు పెట్టడం అమెరికాలో దశాబ్దాలుగా నడిచిన పద్ధతి. అత్యధికుల వివేకాన్ని నమ్మాలన్నది దీని తర్కం. 1964లో డేవిడ్ సాలమన్ అనే ఇంజనీరు వెలువరించిన ఒక వక్రరేఖ దీనికి వెన్నెముకైంది: గ్రామీణ హైవేల మీద అందరి సగటు వేగానికి దగ్గరగా పోయేవారికి ప్రమాదాలు తక్కువ, మరీ వేగంగా పోయేవారికీ మరీ నెమ్మదిగా పోయేవారికీ ఎక్కువ. నెమ్మదిగా పోతూ ప్రమాదాల పాలైనవారిలో చాలామంది నిజానికి మలుపు తిరగడానికో, ఆగడానికో వేగం తగ్గించినవారని తరువాత తేలింది, రేఖకు ఎడమవైపు కొమ్మ చాలావరకు విరిగింది.

పద్ధతిలో మరో చిక్కు కూడా ఉంది. రోడ్డు వెడల్పు చేస్తే వేగాలు పెరుగుతాయి, పెరిగిన వేగాలను కొలిచి బోర్డు పెంచుతారు, పెంచిన బోర్డుకు అలవాటుపడినవారు ఇంకొంచెం పైకి పోతారు, కొన్నేళ్లకు మళ్లీ కొలుస్తారు. ఈ కొలత ఒక రకంగా ఓటు, అందులో పాల్గొనేది స్టీరింగు పట్టుకున్నవారు మాత్రమే, రోడ్డు దాటే వృద్ధురాలి లెక్క అందులో ఉండదు. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2017లో ఈ పద్ధతి మీద గట్టి విమర్శ చేసింది. 2023లో వచ్చిన జాతీయ ట్రాఫిక్ గుర్తుల ప్రమాణ గ్రంథం కొత్త కూర్పులో ఆ కొలతను అనేక అంశాల్లో ఒకటిగా చూడమన్నారు. నెదర్లాండ్స్ 1990ల నుంచి ఈ ముడిని మరో కొసనుంచి విప్పుతోంది. ముందు ఒక వీధికి తగిన వేగమేదో నిర్ణయించుకుని, ఆ వేగం దానంతటదే సహజంగా తోచేలా వీధినే ఇరుకుగా, ఇటుక పరిచి, కూడళ్లు ఎత్తు చేసి కడతారు. అలాంటి వీధిలో బోర్డు కనిపించకపోయినా పెద్ద తేడా రాదు. ఖర్చు ఎక్కువ, ఉన్న రోడ్లన్నిటినీ అలా మార్చడానికి తరాలు పడుతుంది, అయినా కొలతల్లో నిలబడేది ఇదే.

కెమెరాల ప్రభావం అవి కొలిచేది ఒక బిందువునా, ఒక దూరాన్నా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒకే చోట ఉన్న కెమెరా దగ్గర డ్రైవర్లు బ్రేకు వేసి, దాటగానే యాక్సిలరేటర్ తొక్కుతారు. రెండు చోట్ల నంబరు ప్లేటు చదివి మధ్య దూరాన్ని కాలంతో భాగించే కెమెరాల ముందు ఆ ఎత్తు పారదు. స్కాట్‌లాండ్‌లో ఏ9 రోడ్డు మీద 2014లో అలాంటివి వచ్చాక పరిమితిని బాగా దాటేవారు చాలా తక్కువైపోయారు.

ఐరోపా సమాఖ్యలో 2024 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త కారులోనూ పరిమితిని కెమెరాతోనో, మ్యాపుతోనో, రెండిటితోనో తెలుసుకుని, దాటితే డ్రైవరును హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి. అంకె ఇప్పుడు స్తంభం దిగి డ్యాష్‌బోర్డు మీదికి వచ్చింది. పక్క రోడ్డు బోర్డునో, పని ముగిసినా తీయని తాత్కాలిక బోర్డునో చదివి అది పొరపాటున మోగడం కద్దు. డ్రైవరు దాన్ని ఆపేయవచ్చు, యాక్సిలరేటర్ నొక్కి మీరనూవచ్చు. అయితే కారు మళ్లీ స్టార్టు చేసిన ప్రతిసారీ అది తనంతట తానే తిరిగి మేలుకుంటుంది, దాన్ని ఆపే పని కూడా ప్రతిసారీ కొత్తగా చేయాలి.